నేనేమీ చేయలేదని రాసివ్వండి

ఆవిడకి పగుళ్ల మేడం అని పేరు పెట్టింది కాలేజీ పిల్లలు. పెట్టినవాళ్లు చదువులు ముగించుకుని ఎప్పుడో వెళ్లిపోయారు గానీ పేరు మాత్రం అంటుకుపోయింది. సివిల్ ఇంజనీరింగు పాఠాలు చెబుతుంది, కాంక్రీటు పగుళ్ల మీద పరిశోధన చేస్తుంది. ఇక చూస్కోండి, ఊళ్లో ఎవరింట గోడ బీటిచ్చినా ఈవిడకే కబురు. పెళ్లికి వెళ్లినా ప్రశాంతంగా నాలుగు మెతుకులు తిననివ్వరు. పెళ్లికూతురి మేనమామ చెయ్యి పట్టుకుని డాబా మీదికి లాక్కెళ్లి, "చూడమ్మా, ఇది పైపైదేనా, లోపల్దాకా ఉందా?" అంటాడు. పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని గోడకి కన్ను ఆనించి చూడాలి. చూడకపోతే పొగరంటారు.

ఆవిడ చూసేది అసలు ఆ పగుళ్లు కాదు. నీళ్ల తొట్టికి సన్నటి పగులు పడుతుంది. చెమ్మ ఊరుతూనే ఉంటుంది. కొన్నాళ్లకి ఎవరూ వేలు పెట్టకుండానే ఆ పగులు దానంతటదే పూడుకుపోతుంది. కాంక్రీటులో మిగిలిన సున్నం నీళ్లతోపాటు బయటికొచ్చి, తెల్లగా గట్టిపడి సందు మూసేస్తుంది. కానీ ఒకటి పూడుతుంది, దాని పక్కనే అంతే సన్నగా ఉన్న ఇంకోటి పూడదు. ఎందుకని? ఈ 'ఎందుకని' పట్టుకుని ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ వేలాడుతోంది మనిషి.

వేలాడ్డానికి చూరైనా ఉండాలి కదా! సొంత గది లేదు. మంచి మైక్రోస్కోపు లేదు. జీవశాస్త్రం వాళ్లకి ఒకటుంది, దాన్ని గురువారాలు మాత్రం వాడుకోనిస్తారు. గురువారం వచ్చిందంటే తడి కాంక్రీటు ముక్కలు ట్రేలో పెట్టుకుని, నీళ్లు కారుకుంటూ మూడంతస్తులు ఎక్కుతుంది. వెనకాల తుడిచే ఆయమ్మ శాపనార్థాలు. పైకి వెళ్తే, "ఇవాళ మా పిల్లలకి ప్రాక్టికల్సండీ, రేపు చూద్దాం" అంటారు. రేపు శుక్రవారం. శుక్రవారం ఇవ్వరు. కాలేజీలో చోటు చాలక మిగతా ముక్కలన్నీ ఇంట్లో బకెట్లలో నానుతుంటాయి. స్నానాల గదిలో నాలుగు, పెరట్లో ఆరు. మందుల షాపు నడిపే మొగుడు నోరెత్తడు గానీ అత్తగారు ఊరుకునే రకం కాదు.

"ఎన్నాళ్లు నానబెడితే ఉడుకుతాయే ఆ రాళ్లు?" అంటుంది పొద్దున్నే చెంబుతో నిలబడి.

"ఉడకవత్తయ్యా, అతుక్కుంటాయి."

"అతుక్కోడానికి నా బకెట్టే దొరికిందా?"

ఈ బాధలన్నిటికీ ఒకటే మందు. కొత్తగా ఉద్యోగంలో చేరిన సైన్సు, ఇంజనీరింగు మేష్టర్లు తమ కాళ్ల మీద తాము నిలబడి పరిశోధన మొదలుపెట్టుకోడానికి ప్రభుత్వం ఒక గ్రాంటు ఇస్తుంది. కాలేజీలో దాన్ని కుర్రగ్రాంటు అంటారు. అది వస్తే కెమెరా ఉన్న మైక్రోస్కోపు కొనుక్కోవచ్చు, గది ఇవ్వక చస్తారా, సాయానికి ఒక మనిషిని పెట్టుకోవచ్చు. చేరిన అయిదేళ్లలోపు వాళ్లే అడగాలి. మేడంకి ఇది అయిదో ఏడు. వస్తే ఇప్పుడు రావాలి, లేకపోతే ఈ జన్మకి లేదు. ముందు రెండుసార్లు అడిగింది, రెండుసార్లూ రాలేదు. రెండుసార్లూ వచ్చిన జవాబు ఒకటే: ఈ పనిలో మీది ఎంతో, మీ పైవాళ్లది ఎంతో తెలియడం లేదు.

ఎలా తెలుస్తుంది మరి? ఆ విభాగంలో ఒక ఆనవాయితీ ఉంది. ఎవరు ఏ పేపరు రాసినా, అంటే పత్రికల్లో అచ్చయ్యే పరిశోధన వ్యాసం, ముందు విభాగాధిపతి పేరుండాలి. రాసినవాళ్ల పేరు ఆ వెనక. పెట్టమని ఎవరూ అడగరు, పెట్టకుండా ఎవరూ ఉండరు. గదిలోకి వెళ్లేముందు చెప్పులు విప్పినంత సహజంగా జరిగిపోతుంది. ఇప్పటి విభాగాధిపతిని అందరూ పెద్దసారు అంటారు. మంచి మనిషి. ఎవరి మీదా గొంతు పెంచి ఎరుగరు. కుర్రతనంలో ఆయన రాసిన పేపర్లన్నిటికీ ఆయన పైవాడి పేరు ముందుండేదట. ఇప్పుడు ఆయన వంతు, అంతే. మేడం రాసిన ప్రతి పేపరు మీదా ఆయన పేరు కిరీటంలా కూర్చుంది. ఆయన ఒక్కటీ తెరిచి చూసిన పాపాన పోలేదు.

ఈసారి గ్రాంటువాళ్లు కొత్త షరతు పెట్టారు. మీ పేపర్లలో మేలైనవి అయిదు పంపండి, వాటి మీద పెద్దవాళ్ల పేర్లుంటే వాళ్లు ఏం చేశారో వాళ్ల చేతే రాయించి పంపండి అన్నారు.

మేడం అది చదివి తల పట్టుకుంది.

"వెళ్లి అడుగు, ఏముంది?" అన్నాడు మొగుడు.

"ఏమని అడగాలి? సార్, మీరేమీ చేయలేదని మీరే రాసి సంతకం పెట్టండి అనా?"

"నిజమే కదా."

"నిజం కాబట్టేగా నోరు రావట్లేదు!"

రెండు వారాలు పెద్దసారు గది ముందు తచ్చాడింది. లోపలికి వెళ్లడం, సెలవు చీటీ గురించో, సున్నం బస్తాల గురించో ఏదో ఒకటి మాట్లాడి బయటికి రావడం. తన పిరికితనం మీద తనకే ఒళ్లు మండింది. ఆఖరికి ఒకరోజు కళ్లు మూసుకుని అనేసింది. పెద్దసారు కళ్లజోడు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు.

"అంటే... నేను ఏమీ చేయలేదని."

"అలాగని కాదు సార్. అంటే... అలాగే సార్."

"ఊఁ. ఆ అయిదూ ఒకసారి నా బల్ల మీద పెట్టెళ్లమ్మా."

పెట్టింది. ఇక అక్కణ్నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. వరండాలో ఎదురైతే తలాడించి తప్పుకుంటారు. గదికి వెళ్తే తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. గడువు ముంచుకొస్తోంది. ఒక్క కాగితం మీద నాలుగు ముక్కలు రాయడానికి ఇంత నానుస్తారా మనిషన్నవాడు! ఏళ్ల తరబడి ఊరికే పేరు పెట్టించుకున్నప్పుడు లేని ఆలోచన ఇప్పుడెక్కణ్నుంచి ఊడిపడింది? ఇంట్లో గిన్నెలు ధనధనా పడ్డాయి. అత్తగారు కూడా బకెట్ల ఊసెత్తడం మానేసింది. అప్పుడు అర్థమైంది మేడంకి, తన మొహం ఎలా ఉందో.

ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. తీస్తే పెద్దసారు. చంకలో సంచి, సంచిలో ఆ అయిదు పేపర్లు. అంచులన్నీ నలిగిపోయి, పెన్సిలు గీతలతో నిండిపోయి ఉన్నాయి.

"కూర్చోవచ్చా అమ్మా? కొన్ని సందేహాలున్నాయి."

మొగుడు టీ పెట్టడానికి లోపలికి పరిగెత్తాడు. పెద్దసారు మొదటి పేపరు తీసి మోకాళ్ల మీద పరుచుకున్నారు. "ఇక్కడ నీళ్లు రోజూ మార్చానన్నావు. ఎందుకు మార్చడం? నిలవ నీళ్లలో సున్నం ఎక్కువ ఉండదా? పగులు ఇంకా త్వరగా పూడొద్దూ?"

అది సరైన ప్రశ్న. మేడం ఒక వేసవంతా కొట్టుకుపోయిన ప్రశ్న. పత్రికవాళ్లు కూడా అడగలేదు దాన్ని. చెప్పడం మొదలుపెట్టింది. కాగితం చాలక నేల మీద తడివేలితో బొమ్మ గీసి చెప్పింది. ఆయన కుర్చీ దిగి నేల మీద కూర్చుని చూశారు. టీ చల్లారింది. రెండో పేపరు, మూడో పేపరు అయ్యాయి. మధ్యలో లేచి వెళ్లి పెరట్లో బకెట్లోంచి ముక్క తెచ్చి, పూడిన పగులు మీద ఆయన గోరు పెట్టించి చూపించింది. "గరుగ్గా ఉందే!" అన్నారాయన, చిన్నపిల్లాడిలా. ఇన్నేళ్లలో తన పని గురించి ఒక మనిషి ఎదురుగా కూర్చుని, చదువుకొచ్చి మరీ అడగడం ఇదే మొదలు. కోపం ఎటు పోయిందో పోయింది. ఒళ్లంతా తేలికైపోయింది ఆవిడకి.

నాలుగోది ఇట్టే అయిపోయింది. అయిదోది తీశారు.

ఆ అయిదోది చాలా గొప్ప పత్రికలో పడ్డ పేపరు. నిప్పంటుకున్న కాంక్రీటు సంగతి. అది అచ్చయిన రోజు కాలేజీ అంతా వచ్చి మేడంకి చెయ్యి కలిపి వెళ్లింది. దరఖాస్తులో ఆవిడ అన్నిటికన్నా ముందు పెట్టుకున్నది దాన్నే. దాని మీద మొదట పెద్దసారు పేరు, తర్వాత మేడం పేరు, ఆ వెనక కొత్తసారు పేరు. చేరి రెండేళ్లయినా అతన్నింకా కొత్తసారనే అంటారు.

"కాల్చాక వీటిని వెంటనే కొలిమిలోంచి తీసేయకుండా మంట తగ్గించి, మెల్లగా చల్లార్చారు. ఇది ఎందుకో నాకు అంతుపట్టలేదమ్మా."

మేడం కాగితం అందుకుంది. తిప్పింది. మళ్లీ వెనక్కి తిప్పింది.

"అది... ఒక్కసారిగా చల్లారితే... వేరే పగుళ్లు..."

"వేరే పగుళ్లు వస్తాయనా? ఈ వాక్యంలో ఏమో పగుళ్లు రావడానికే అలా చేశామని ఉంది మరి."

వంటింటి గుమ్మంలో మొగుడు నిలబడి చూస్తున్నాడు. మేడం చెవులు వేడెక్కిపోయాయి. ఆ కొలిమి పని ఆవిడ చూడనే లేదు. కొత్తసారు ముక్కల్ని నలగ్గొట్టడానికి ఆవిడ చేతికింద ఉన్న యంత్రాన్ని రెండు రోజులు వాడుకున్నాడు. తాళం చెవి ఇచ్చింది. అంతే ఆవిడ చేసింది. ఆ తర్వాత అతను పేపరు మీద ఆవిడ పేరు కూడా పెట్టి చూపిస్తే, "ఎందుకయ్యా ఇదంతా" అని ఒకసారి అంది. రెండోసారి అనలేదు. చేతులు కలిపిన రోజు అసలే అనలేదు.

"నాకు తెలీదు సార్," అంది.

పెద్దసారు నవ్వుతారేమోనని చూసింది. నవ్వినా బావుండేది. ఆయన పేపరు మెల్లగా మడిచి సంచిలో పెట్టుకుని, "రేపు ఇచ్చేస్తానమ్మా, ఆ కాగితం," అని లేచారు. చెప్పులు వేసుకుంటూ, "ఆ కుర్రాడూ వచ్చే ఏడు అడుగుతాడేమో ఈ గ్రాంటు," అన్నారు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అనకుండా వెళ్లిపోయినందుకు మేడంకి ఆయన మీద మళ్లీ కోపమొచ్చింది.

మర్నాడు అన్నమాట ప్రకారం కాగితం ఇచ్చారు. అందులో ఎక్కడా డొంకతిరుగుడు లేదు. ఈ పేపర్లు అచ్చయ్యేనాటికి నేను వాటిని చదవలేదు, పోయిన వారమే చదివాను, మొదటి నాలుగింటిలో పనంతా ఈమెది, నా పేరు ఆనవాయితీ ప్రకారం పెట్టారు, నేను వద్దనలేదు. కింద సంతకం. మరుసటి ఏడాది ఉద్యోగ విరమణ చేయబోయే మనిషి తన పరువు తనే బజార్న పడేసుకున్నట్టు! అది చదివాక మేడం కూడా ఒక కాగితం తీసుకుంది. అయిదో పేపరులో నా పని ఏమీ లేదు, నా పేరు తీసేసినట్టే లెక్క అని రాసి, పట్టుకెళ్లి కొత్తసారు బల్ల మీద పడేసింది.

అతను గాభరాపడి లేచాడు. "అయ్యో మేడం, ఏదో మర్యాదకి పెట్టాను!"

"నీ మర్యాద తగలెయ్య! వచ్చే ఏడు నువ్వు అడిగినప్పుడు నీది ఏది, నాది ఏది అంటారు. అప్పుడు నా చుట్టూ తిరుగుతావా?"

"మీరు పేరు తీసేసుకుంటే మరి మీ దరఖాస్తో?"

"నోర్మూసుకుని దాచుకో దాన్ని."

దరఖాస్తు నాలుగు పేపర్లతోనే వెళ్లింది. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. పొడుగాటి బల్ల, అవతల ఏడుగురు. మధ్యాయన నెరిసిన మీసం సవరించుకుంటూ, అయిదు పంపమంటే నాలుగే పంపారేమన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పింది. మీసాలాయన పెద్దసారు కాగితాన్ని ఇంకోసారి చదివి, పక్కాయనకిచ్చాడు. పక్కాయన దాన్ని చదివి నవ్వాడు.

"మీ విభాగాధిపతి చదవరు. మీరూ చదవరు. మీ దగ్గర పేపర్లు ఎవరు చదువుతారండీ?"

అక్కడ తల దించుకుని ఉంటే సరిపోయేది. కానీ ఏళ్ల తరబడి బకెట్లు మోసిన ఒళ్లు, గురువారాల కోసం పడిగాపులు కాసిన ప్రాణం. "తమరివన్నీ తమరు చదివారా సార్?" అనేసింది.

బల్లకి అవతల ఒకాయన నీళ్లు తాగాడు. తర్వాత మర్యాదగానే రెండు ప్రశ్నలడిగి, మంచిదమ్మా, తెలియజేస్తామన్నారు.

తెలియజేశారు. రాలేదు. ఎందుకు రాలేదో కింద ఒక వాక్యం రాశారు. అభ్యర్థి పని మెచ్చుకోదగినదే గానీ, అనుభవజ్ఞులైన పెద్దల అండదండలు, మార్గదర్శకత్వం కొరవడినట్టు కనిపిస్తోంది, పెద్దలతో కలిసి పనిచేయడం అలవరచుకుంటే మంచిది!

మేడం దాన్ని నాలుగుసార్లు చదివింది. మొదటిసారి కళ్లు తిరిగాయి, నాలుగోసారికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగక, ఏడుపులోకి దిగి, మొగుడు షాపు మూసి పరిగెత్తుకొచ్చేదాకా ఆగలేదు. అత్తగారు పక్కన కూర్చుని వీపు రాస్తూ, "పోనీలే, నా బకెట్లు ఎక్కడికీ పోలేదుగా, వాడుకో," అంది. దాంతో మళ్లీ మొదలైంది. పెద్దసారుకి చూపిస్తే ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చదివి, "వీళ్ల బుర్రలు బద్దలుగాను," అన్నారు. ఆయన నోట అలాంటి మాట విభాగంలో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

గ్రాంటు అయిపోయింది గానీ పగుళ్లు ఎక్కడికి పోతాయి? మళ్లీ ట్రే, మళ్లీ మూడంతస్తులు, మళ్లీ తుడిచే ఆయమ్మ. విభాగంలో మాత్రం ఆ గొడవ తర్వాత ఆనవాయితీ చప్పుడు లేకుండా సడలింది. ఎవరు చేసింది వాళ్ల పేరుతో పోవడం మొదలైంది. మేడం కూడా ఒక పేపరు ఒక్క తన పేరుతోనే పంపి, ఒక ప్రతి మర్యాదకి పెద్దసారు గదిలో పెట్టివచ్చింది.

ఏడాది గడవకముందే కొత్తసారుకి ఇంకో మంచి పత్రికలో పేపరు పడింది. ప్రతి ఒకటి తెచ్చి మేడం బల్ల మీద పెట్టి, సిగ్గుపడుతూ నవ్వి వెళ్లిపోయాడు. మేడం సంతోషంగానే చేతిలోకి తీసుకుంది. పైన ఒకటే పేరు. అతనిది. ఈసారి కూడా యంత్రం ఆవిడ చేతికింద ఉన్నదే. తాళం చెవి ఆవిడే ఇచ్చింది. సాయంత్రాలు రెండు మూడుసార్లు కూర్చుని అతను చెప్పింది విన్నది కూడా.

మనసు చివుక్కుమంది.

ఛీ, ఇదేం బుద్ధి, అనుకుంది. తీసెయ్యమని కాగితం రాసి విసిరికొట్టింది తనే కదా! అయినా కళ్లు మాత్రం ఊరికే ఆ ఒక్క పేరు దగ్గరికే వెళ్తున్నాయి. ఆఖరి పేజీ తిప్పి, కృతజ్ఞతల దగ్గరైనా తన ఊసుందేమోనని వెతికింది. ఉంది, యంత్రం ఇచ్చినందుకని. అది చూసి ఇంకా ఉక్రోషమొచ్చింది. పేపరు బల్ల మీద బోర్లా పెట్టి, లేచి, వరండా దాటి పెద్దసారు గదిలోకి నడిచింది. ఆయన అట్టపెట్టెల్లో పుస్తకాలు సర్దుకుంటున్నారు. నెలాఖరుకి విరమణ.

"సార్, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. ఆ రోజు నేనొచ్చి మీరేమీ చేయలేదని రాసివ్వమన్నాను కదా. అప్పుడు మీకు బాధ కలిగిందా?"

పెద్దసారు చేతిలో పుస్తకం దుమ్ము దులుపుతూ ఆగారు.

"కలగదటమ్మా?" అన్నారు. "రాసేయమంటే ఆ పూటే రాసేసేవాణ్ని. అవన్నీ ముందు తీసుకెళ్లి చదివింది మరెందుకనుకున్నావు? ఎక్కడైనా ఒక మూల, ఒక్క మాటైనా, నేను చెప్పింది నువ్వు పెట్టావేమోనని వెతుక్కున్నాను."

మేడం కిందున్న పుస్తకాలు తీసి ఒక్కొక్కటే ఆయన చేతికి అందించడం మొదలుపెట్టింది.